గుడ్ల అరలో ఇన్సులిన్ సీసా

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నా అనుభవాలు రాసిమ్మని ఒక శిక్షణ సంస్థవాళ్లు అడిగారు. రెండు పేజీలు చాలన్నారు. అంతకు ముందు వాళ్ల సభకు నన్ను పిలిచి, నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయిందంటూ మైకు తీసేసుకున్నది కూడా వీళ్లే. అందుకని రెండు పేజీలకు నేను ఒప్పుకోలేదు. అచ్చు వేస్తే వేస్తారు, లేకపోతే లేదు. మైకు తీసేసుకోవడం నాకు కొత్త కాదు.

షుగర్ ఉన్నవాళ్లకు సూది, తిండి సంగతులు నేర్పే ఈ పనికి ఇప్పుడు ఒక పేరుంది, ఒక సర్టిఫికెట్ ఉంది. మా రోజుల్లో రెండూ లేవు. అయినా పని ఉండేది.

ఉద్యోగం అంటే

యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఆరోగ్య కేంద్రంలో నేను డైటీషియన్‌ని. హాస్టల్ మెస్సుల్లో పప్పు నీళ్లగా ఉందా, బియ్యంలో పురుగులున్నాయా అని చూడటానికి తీసుకున్నారు. చేరిన రోజున మా పెద్ద డాక్టరు గారు నన్ను అందరికీ పరిచయం చేస్తూ "మన కిచెన్ మేడమ్" అన్నారు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. రిటైరయ్యే దాకా నాకు ఆ పేరే ఉండిపోయింది. నాకిచ్చిన గది ఎక్స్‌రే గది పక్కనున్న సామాన్ల కొట్టు. దాని కిటికీ జనరేటర్ వైపు తెరుచుకునేది.

షుగర్ ఉన్నవాళ్లు వస్తే డాక్టర్లు చీటీ మీద "డైట్ సలహా" అని రాసి నా దగ్గరికి పంపేవాళ్లు. పెద్దవాళ్ల సంగతి ఎలాగోలా నడిచేది. కష్టమంతా పిల్లలతోనే. చిన్నపిల్లలకు వచ్చే షుగర్ వేరు. మాత్రలకు లొంగదు, రోజూ ఇన్సులిన్ సూది పడాల్సిందే, బతికినన్నాళ్లూ పడాల్సిందే. అప్పట్లో షుగరంటే లావుగా ఉండే పెద్దమనుషుల జబ్బనుకునేవాళ్లు. అటెండర్ కూతురికి వచ్చిందంటే చుట్టాలు నమ్మేవాళ్లు కాదు. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు మిఠాయిలు తినుంటావని తల్లిని అనేవాళ్లు.

డాక్టరు గారు మందు రాసేవారు. ఆ మందు ఎలా కొలవాలి, సూది ఎక్కడ గుచ్చాలి, గుచ్చాక పిల్ల అన్నం తిననని మొండికేస్తే ఏం చేయాలి, వాంతి చేసుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. నేను చెప్పేదాన్ని. చెప్పమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. చెప్పినందుకు మెమో మాత్రం ఇచ్చారు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

చెప్పులు బయట విప్పి

తొంభైల చివర్లో క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌కి ఈ-మెయిల్ సౌకర్యం వచ్చింది. ఎక్కడెక్కడి దేశాల్లోనో షుగర్ పిల్లల తల్లిదండ్రులంతా కలిసి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే గుంపు ఒకటి ఉందని ఓ పత్రికలో చదివాను. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది, తెలిసినవాళ్లు జవాబిస్తారు. నాకు అందులో చేరాలనిపించింది. అనుమతి కోసం మూడు చోట్ల సంతకాలు పెట్టించాను. మా పెద్ద డాక్టరు గారు సంతకం చేస్తూ, "వంటల రెసిపీలు దింపుకుంటారా మేడమ్?" అన్నారు. అదీ గుర్తుంది నాకు.

కంప్యూటర్ సెంటర్ ఏసీ గది. చెప్పులు బయట విప్పి గుడిలోకి పోయినట్టు పోవాలి. అక్కడి మేనేజర్ నర్సింగ్ రావు గారికి నేనంటే మొదటి రోజు నుంచే విసుగు.

"ఏంది మేడమ్, పీహెచ్‌డీ పోరగాళ్లు లైన్ల నిలబడ్డరు. మీరు లంచ్ టైములో రండి. ఎవరుండరు."

"నేనెప్పుడు తినాలండీ?"

"మీరే గద అందరికి తక్కువ తినుండ్రి అని చెప్పేది."

అలా నా మధ్యాహ్న భోజనం పోయింది. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు, ఒక్కో ఉత్తరం తెరుచుకోవడానికి బోలెడంత సమయం. కానీ మొదటి రోజు చదివిన ఉత్తరాలు ఇప్పటికీ గుర్తున్నాయి. కెనడాలో ఒక తండ్రి, కొడుకు స్కూల్లో కళ్లు తిరిగి పడిపోతాడని రోజూ గేటు దగ్గర కారులోనే కూర్చుంటాడట. ఇంకో తల్లి, రాత్రి పూట బిడ్డ ఊపిరి వినడానికి లేస్తానని రాసింది. నా దగ్గరికొచ్చే తల్లులు చెప్పే మాటలే అవి.

ఒకటి మాత్రం వెంటనే అర్థమైంది. వాళ్ల సలహాలన్నీ ఫ్రిజ్ ఉన్నవాళ్ల సలహాలు. కారు, టెలిఫోను, వేలి రక్తం పరీక్షించే మిషను ఉన్నవాళ్ల సలహాలు. వాటిని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే మనవాళ్లకు పనికిరావు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఇప్పుడు మీ ఫోన్‌లో సలహాలు కుప్పలుగా పడుతున్నాయి. ఆ సలహా ఏ వంటింట్లో పుట్టిందో అడగకుండా ఎవరికీ చెప్పకండి.

తార్నాక ఆదివారాలు

తార్నాకలో ఒక ట్యుటోరియల్ కాలేజీ వాళ్లు మేడమీద గది ఆదివారం పూట వాడుకోనిచ్చారు. వారంలో వచ్చిన ఉత్తరాల్లో పనికొచ్చేవి ఏరి, తెలుగులో చెప్పేదాన్ని. మౌలాలి నుంచి, హబ్సిగూడ నుంచి, అడిక్‌మెట్ నుంచి వచ్చేవాళ్లు. హబ్సిగూడ సైంటిస్టు ఒకాయన మొదటి ఆదివారమే నన్ను పక్కకు పిలిచి, "నాకు ఇంగ్లిష్ వచ్చండీ, ఆ మెయిల్స్ ఏవో నాకే ఇచ్చేయండి, వీళ్లందరితో కూర్చోవడం దేనికి" అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు. కుర్చీ ఒకటి మిగిలింది.

సుగుణ ప్రతి ఆదివారం వచ్చేది. ఆమె లేడీస్ హాస్టల్లో వంటపని చేసేది, భర్త ఒక డిపార్ట్‌మెంట్‌లో అటెండర్. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అడిక్‌మెట్‌లో ఒక ఇంటి వెనక రేకుల గదిలో అద్దెకుండేవాళ్లు. వాళ్ల కూతురు జ్యోతికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఎముకల గూడులా ఉండేది కానీ నోరు మాత్రం పెద్దది. జొన్నరొట్టె మంచిది, తీపి వద్దు అని నేను పాఠం చెబుతుంటే లేచి అడిగింది:

"మేడమ్, నువ్వు లడ్డూలు తినకుంటనే ఇంత లావెట్లయినవ్?"

గదంతా నవ్వింది. సుగుణ దాని వీపు మీద ఒక్కటి వేసింది. నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడే సుగుణ నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది. అందరూ వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఎన్నేండ్లు బతుకుతది మేడమ్?"

"జాగ్రత్తగా చూసుకుంటే అందరిలాగే బతుకుతుంది సుగుణా."

"మా తానైతే పెద్దమనిషి అయ్యేదాక గూడ బతుకదన్నరు. నువ్వేమో అందరి లెక్కనే అంటున్నవ్. గట్ల బతికినోళ్లను ఒక్కల్ని చూపెట్టు."

నా దగ్గరున్నవాళ్లంతా పిల్లలే. చిన్నప్పుడు ఈ షుగర్ వచ్చి పెద్దయిన మనిషిని నేను ఒక్కర్నీ చూడలేదు. పుస్తకంలో ఉందని చెప్పాను. సుగుణ తల ఊపింది. నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఇన్సులిన్ చల్లగా ఉండాలి. వాళ్లకు ఫ్రిజ్ లేదు. ముందు భాగంలో ఉండే ఇంటావిడ రామలక్ష్మి గారు తన ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నారు. రామలక్ష్మి గారు కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, భర్త బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్లింట్లో గుడ్లు తినరు. అందువల్ల ఫ్రిజ్ తలుపుకి గుడ్లు పెట్టుకునే గుంటలు ఖాళీగా ఉండేవి. ఆ గుంటల్లో ఒకదాంట్లో సీసా సరిగ్గా కూర్చునేది. సుగుణ పొద్దునా సాయంత్రం వెనక తలుపు దగ్గర నిలబడి పిలిస్తే ఆవిడే తెచ్చిచ్చేవారు. ఆ ఏర్పాటు నెలల తరబడి సాఫీగా నడిచింది. ఆ మాట కూడా నేను రాయాలి, ఎందుకంటే ఆవిడ చెడ్డమనిషి కాదు.

ఆ ఒక్క వాక్యం

ఆదివారాలకు జనం వస్తున్నారని పెద్ద డాక్టరు గారికి తెలిసింది. అంతవరకూ అటు తొంగిచూడనివారు, ఆరోగ్య కేంద్రం తరఫున ఒక కరపత్రం వేద్దామన్నారు. నేను రాసిచ్చాను. సూది ఎలా వేయాలి, నీరసం వచ్చి చెమటలు పడితే చక్కెర నీళ్లు ఎలా ఇవ్వాలి, సీసా ఎండలో పెట్టకూడదు, ఇంతే. ఆయన చదివి, "సైన్స్ ఏదండీ ఇందులో?" అన్నారు. ఇంటర్నెట్ నుంచి ఒక పేజీ దింపించి, దాన్ని తెలుగు చేయించి మొదట్లో కలిపారు. ఇన్సులిన్ అంటే ఏమిటి, ఎవరు కనిపెట్టారు, ఎక్కడి నుంచి తీస్తారు. అప్పట్లో చవకగా దొరికే ఇన్సులిన్ ఆవుల, పందుల శరీరాల నుంచి తీసిందే. ఆ వాక్యం అందులో ఉంది.

"సార్, ఈ వాక్యం తీసేయండి," అన్నాను.

"అబద్ధమా అది?"

"అబద్ధమని కాదు సార్. ఇది తెలిసినందువల్ల ఆ తల్లులకు జరిగే మేలేమీ లేదు. ఆ సీసాలు ఎవరెవరి ఇళ్లలో ఉంటున్నాయో మీకు తెలియదు."

"మూఢనమ్మకాలకు భయపడి సైన్స్ దాచమంటారా? మీరు కూరల గురించి రాయండి మేడమ్, మిగతాది మాకొదిలేయండి."

రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే లేచి రౌండ్లకు వెళ్లిపోయారు. కరపత్రం అచ్చయింది. పైన ఆయన పేరు ఉంది. నా పేరు లేదు.

సుగుణకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. కరపత్రం తీసుకెళ్లి, చదువుకున్నావిడ కదా అని రామలక్ష్మి గారి చేతికిచ్చింది.

"అమ్మా, గిండ్ల ఏం రాసిండ్రో జర చదివి చెప్పుండ్రి."

ఆవిడ మెట్ల మీద కూర్చుని పైకి చదివారు. ఆ వాక్యం దగ్గర గొంతు ఆగింది. తర్వాత మిగతాదంతా చదివేశారు. కాగితం మడిచి సుగుణకిచ్చి లోపలికెళ్లారు. ఆ మర్నాడు సీసా గుడ్డలో చుట్టి తెచ్చిచ్చి, "ఫ్రిజ్ పాడైంది సుగుణా, కొన్నాళ్లు నీ దగ్గరే పెట్టుకో" అన్నారు.

అప్పటికే ఎండలు ముదిరాయి. లోపల ఫ్రిజ్ నడుస్తున్న చప్పుడు వెనక గదిలోకి వినిపిస్తూనే ఉంది. సుగుణ దాని గురించి అడగలేదు. ఇల్లుగలావిడను ఏమని అడుగుతుంది?

రేకుల గది

ఒక ఆదివారం సుగుణ రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. సోమవారం లంచ్ టైములో కంప్యూటర్ సెంటర్‌కి పోకుండా అడిక్‌మెట్ వెళ్లాను.

ఆ గదిలో అడుగుపెడితే నెత్తిమీద పెనం బోర్లించినట్టుంది. జ్యోతి చాప మీద పడుకుని ఉంది. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోంది. దగ్గరికి వంగితే నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. ఈ వాసన ఒక్కసారి చూస్తే మర్చిపోరు. మర్చిపోకూడదు కూడా, ఇన్సులిన్ అందక ప్రాణం మీదికొచ్చిందనడానికి గుర్తు అది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"నిన్నటి సంది కక్కుతున్నది మేడమ్. అంతకు ముందు నీళ్లే నీళ్లు. బిందె సాల్తలేదు. ఎండలకు గట్లయితది అన్నరు అందరు. సూది మాత్రం ఒక్క పూట గూడ తప్పియ్యలే."

ఆ రోజుల్లో ఇళ్లల్లో షుగర్ చూసుకునే పద్ధతి ఒకటే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి స్టవ్ మీద మరగబెట్టాలి. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, అలా పోను పోను చెడ్డది. సుగుణ నా ముందే మరగబెట్టింది. చిక్కటి ఇటుక రంగు.

"రోజూ ఇదే రంగా?"

"గిదే మేడమ్. గీ నీలం మందు ఎండకు ఖరాబైందేమో అనుకున్న."

ఆమె అన్న మాట సగం నిజం. ఖరాబైంది నీలం మందు కాదు, సీసాలో ఇన్సులిన్. కిటికీ గట్టు మీద రేకు కింద ఉంది. చేత్తో పట్టుకుంటే టీ గ్లాసంత వేడిగా ఉంది. అన్ని రోజులుగా ఆ పిల్లకి సూదిలో పడుతున్నది దాదాపు ఉత్త నీళ్లే.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా జ్యోతి తల నా ఒళ్లో ఉంది. ఒక చోట సిగ్నల్ పడితే డ్రైవర్‌ని పోనియ్యమని సుగుణ అరిచింది. అతను పోనిచ్చాడు. ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కించారు, ఇన్సులిన్ ఇచ్చారు. అక్కడి కుర్ర డాక్టరు సుగుణని గట్టిగా తిట్టాడు, సీసా ఎండలో పెడతారా అని. సుగుణ తలొంచుకుని తిట్లు తిన్నది. ఇంటావిడ గురించి ఒక్క మాట చెప్పలేదు. మర్నాటికి పిల్ల కళ్లు తెరిచి, నన్ను చూసి, "మేడమ్, ఆకలైతున్నది, లడ్డూ ఉన్నదా?" అంది. అప్పుడు కూర్చున్నాను నేను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని నాకే తెలియలేదు.

రామలక్ష్మి గారు

ఫ్రిజ్ సంగతి సుగుణ నాకు వరండాలో చెప్పింది. చెప్పి, "ఆమె మంచిదే మేడమ్, ఏమనకుండ్రి" అంది. నేను అనడానికే వెళ్లాను.

రామలక్ష్మి గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. గ్లాసు చల్లగా ఉంది.

"ఫ్రిజ్ బాగయినట్టుందే," అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. కానీ కళ్లు దించలేదు.

"అబద్ధమాడాను మేడమ్ గారూ. ఏం చేయమంటారు? నైవేద్యం పాలు అందులోనే పెడతాం. మా అత్తగారి తద్దినానికి పెరుగు అందులోనే తోడుపెడతాం. పైన ఆ సీసా. ఒంటినిండా జెర్రులు పాకినట్టయింది నాకు. ఆ పిల్లంటే నాకు మాత్రం ప్రేమ లేదా? ఇంతకాలం పెట్టానుగా?"

"పిల్ల పోయుండేదండీ."

"తెలుసు. తెలిసినప్పటి నుంచి నిద్ర లేదు." కొంగు సర్దుకుని అన్నారు, "ఒక్క మాట అడుగుతాను. ఆ ముక్క ఆ కాగితంలో రాయడం దేనికి? తెలియనంతకాలం నేను పెట్టాను. తెలిశాక దాన్ని తాకడానికి నా చెయ్యి పోలేదు. తెలియజెప్పింది మీవాళ్లేగా?"

నా కోపమంతా అలాగే ఉంది. మజ్జిగ తాగకుండా వచ్చేశాను. ఇప్పటికీ ఆవిడను పూర్తిగా క్షమించానని చెప్పను. కానీ ఆ ప్రశ్న నాది కూడా.

అదే ప్రశ్న పెద్ద డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "సైన్స్ సైన్సే మేడమ్. పేషెంట్ ఎడ్యుకేషన్ మీ బాధ్యత కదా, సీసా ఎక్కడుందో మీరు చూసుకోవాల్సింది" అన్నారు. వారం తిరక్కుండా మెమో వచ్చింది: అనుమతి లేకుండా బయట సమావేశాలు పెట్టడం, విధులు వదిలి కంప్యూటర్ సెంటర్‌లో కూర్చోవడం. నా ఈ-మెయిల్ రద్దు చేశారు. నేను లంచ్ టైములో వెళ్లేదాన్నని జవాబు రాశాను. రిజిస్ట్రార్‌కి రాశాను. ఆయన పైవాళ్లకు రాశాను. ఎవరూ బదులివ్వలేదు. ఇలా జవాబులు రాకపోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. రాయడం మానకండి, కానీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆరోగ్యం పాడుచేసుకోకండి. నేను పాడుచేసుకున్నాను.

మార్గరెట్

ఈ-మెయిల్ రద్దు కాకముందు, జ్యోతి ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, ఆ గుంపుకి ఒక ప్రశ్న పంపాను. మా దగ్గర ఎండ బాగా ఎక్కువ, ఇంట్లో ఫ్రిజ్ లేదు, సీసా ఎలా కాపాడుకోవాలి? జవాబులు కొన్ని వెంటనే వచ్చాయి. చిన్న ఫ్రిజ్ కొనుక్కోమని ఒకరు. కారు బ్యాటరీతో నడిచే పెట్టె దొరుకుతుందని ఇంకొకరు. మంచి మనసుతో రాసినవే. ఒక్కటీ అడిక్‌మెట్ రేకుల గదిలోకి పనికొచ్చేది కాదు. ఆ తర్వాత నా దారి మూసేశారు.

ఒక రోజు నా కొట్టు గది గుమ్మంలో నర్సింగ్ రావు గారు ప్రత్యక్షమయ్యారు. కంప్యూటర్ సెంటర్ దాటి ఆయన బయటికి రావడం అంతకు ముందెప్పుడూ నేను చూడలేదు. రెండు అంచులా చిల్లులున్న పొడవాటి ప్రింటు కాగితం నా బల్ల మీద పడేశారు.

"మీ వంటల ఉత్తరం వచ్చింది. డిలీట్ చేసే ముందు చూసిన."

"నా అకౌంట్ తీసేశారుగా?"

"తీసెయ్యుమన్నరు. ఎన్నడు తియ్యాల్నో చెప్పలే." గుమ్మం దగ్గర ఆగి, "ఆ పాప మంచిగున్నదా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయారు. నా భోజనాలు తీసేసుకున్న మనిషి. అదీ మర్చిపోలేదు, ఇదీ మర్చిపోలేదు.

ఆ ఉత్తరం మార్గరెట్ అనే ఆవిడది. ఆస్ట్రేలియాలో లోపలి ఎడారి ప్రాంతం. చిన్నప్పుడు వాళ్ల ఇంటికి కరెంటు ఉండేది కాదట. సీసాను వాళ్లమ్మ ఒక డబ్బాలో పెట్టి, చుట్టూ తడి గోనె చుట్టి, గాలి తగిలే వరండాలో వేలాడదీసేదట. ఒక మట్టికుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడుపుతూ ఉంటే ఇంకా బాగా పనిచేస్తుందని, తను తర్వాత నేర్చుకున్నానని రాసింది. నీడలో ఉంచాలి, గాలి ఆడాలి, సీసాకి నీళ్లు తగలకూడదు.

ఆదివారం సమావేశాలు మెమోతో ఆగిపోయాయి. అందుకని ఆ ఉత్తరం సుగుణ గదిలోనే చదివి వినిపించాను. జ్యోతి గోడకానుకుని కూర్చుంది. చివర్లో నాలుగు ముక్కలున్నాయి. తనకి ఏడేళ్లప్పుడు ఈ జబ్బు వచ్చిందని, ఇప్పుడు అరవై మూడేళ్లని, మొన్ననే మనవరాలికి ఈత నేర్పానని.

సుగుణ చేతిలో పని ఆగిపోయింది.

"ఇంకోపారి చదువు మేడమ్."

"కుండ దగ్గర నుంచా?"

"కుండ నాకు సమజైంది. గీడ, వయసు కాడ చదువు."

చదివాను.

"గామెకు గూడ ఇదే షుగరా? సూది షుగరు? చిన్నప్పటి సంది?"

"ఇదే."

"ఇంక బతికే ఉన్నదా?"

"ఈ ఉత్తరం రాసింది ఆవిడే సుగుణా."

ఆమె జ్యోతి పక్కకు జరిగి కూర్చుంది. తర్వాత కూతురి మోకాలు మీద తట్టి, "ఇన్నవా పోరీ? ముసల్దయిందంట. షుగర్‌తోనే" అంది.

జ్యోతి అంది, "అయితే నాకు గూడ ఈత నేర్పియ్యి మరి."

కుండలు తెచ్చాం. మంచినీళ్ల రంజన్ ఒకటి, అందులో పట్టే చిన్న కుండ ఒకటి. పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసుక అడిగి తెచ్చుకున్నాం. సీసా పెట్టే ముందు వెన్నముద్ద పెట్టి చూశాను. నేను కిచెన్ మేడమ్‌నే కదా. ఆ గదిలో గిన్నెలో పెట్టిన వెన్న నూనెలా కరిగి కారిపోయింది. కుండలోది ముద్ద ముద్దగానే ఉంది. అప్పుడు సీసా అందులో పెట్టి, కుండను వెనక వరండా నీడలో ఉంచాం.

రోజుకు రెండు మూడుసార్లు ఇసుక తడపాలి. మధ్యాహ్నం సుగుణ హాస్టల్లో ఉంటుంది, జ్యోతి ఆటల్లో పడి మర్చిపోతుంది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి వెనక వరండాలో రామలక్ష్మి గారు చెంబుతో ఇసుక మీద జాగ్రత్తగా నీళ్లు పోస్తున్నారు, సీసాని తాకకుండా. నన్ను చూసి, "నీళ్లు పోయడానికి నాకేం అభ్యంతరం లేదండీ" అన్నారు. ఆ వేసవంతా ఆవిడే పోశారు. సీసా మళ్లీ ఆ గుడ్ల అరలోకి వెళ్లలేదు, ఆవిడ పెట్టుకోమనలేదు, సుగుణ అడగలేదు.

మరుసటి ఏడాది పెద్ద డాక్టరు గారు ఒక సదస్సులో ఆ కుండ ఫొటో తెర మీద వేసి, చవకైన కొత్త ఆలోచనగా వర్ణించి చప్పట్లు కొట్టించుకున్నారని విన్నాను. నన్ను పిలవలేదు. నా పేరు లేదు, మార్గరెట్ పేరు లేదు, సుగుణ పేరు లేదు. దాని మీద కూడా ఫిర్యాదు రాశాను. జవాబు ఇంకా రాలేదు.

తార్నాకలో ఇంటర్నెట్ సెంటర్ తెరిచాక నా డబ్బుతోనే మార్గరెట్‌కి రాశాను. పిల్ల బాగుందని చెప్పాను. సుగుణ తరఫున ఒక్క ప్రశ్న పంపాను: సూది వేశాక మీరు తిననంటే మీ అమ్మ ఏం చేసేది? ఆవిడ రాసింది: "తిట్టేది. తర్వాత ఏడ్చేది. నేను ఆమె ఏడుపు చూడలేక తినేదాన్ని." సుగుణ అది విని, "అయితే అందరం ఒక్కటే" అంది.

ఇప్పుడు

ఇప్పుడు ఇన్సులిన్ జంతువుల నుంచి రావడం లేదు. ఇళ్లల్లో ఫ్రిజ్‌లున్నాయి. తల్లుల కోసం ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. నన్నూ చేర్చారు. అది నడిపేవాళ్లలో నా పేరు పెట్టలేదు, అడిగితే "మీరు పెద్దవారు, మీకెందుకు శ్రమ" అన్నారు. నేను జవాబు రాయబోయేలోపు పది జవాబులు పడిపోతాయి. సగం తప్పులు. చదివి చదివి కళ్లు మండుతాయి.

మొన్న కరీంనగర్ వైపు నుంచి ఒక తల్లి కొత్తగా చేరింది. కొడుక్కి ఆరేళ్లు, ఈ వారమే తెలిసిందట. ఒక్క ప్రశ్నే పెట్టింది: "ఎన్నేండ్లు బతుకుతరు?"

గ్రూపులో సలహాలు మొదలయ్యాయి. ధైర్యంగా ఉండండి, దేవుణ్ని నమ్మండి, ఈ వీడియో చూడండి. నేను అక్షరాలు వెతుక్కుంటూ టైపు చేస్తున్నాను, జాగ్రత్తగా చూసుకుంటే అందరిలాగే అని. అది పూర్తయ్యేలోపే జ్యోతి జవాబు వచ్చింది. సలహా ఏమీ లేదు, ఒకటే వరస:

"నాకు తొమ్మిదేండ్లప్పుడు వచ్చింది అక్కా. ఇప్పుడు ముప్పై ఆరు. ఈత గూడ వచ్చు."

నేను టైపు చేసింది తుడిచేశాను.